ఉమ్మడి గోడలో ఫ్రంటోసాలు

ఫ్రంటోసా చేపను మొదటిసారి చూసినవాళ్ళు దాదాపు అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "బతికే ఉందా ఇది?"

ఉంటుంది. నరసరావుపేటలో అక్వేరియం చేపల దుకాణంలో మొదట జీతానికి, తర్వాత సొంతంగా నేను చేసిన పనిలో సగం ఆ ఒక్క జవాబు చెప్పడంలోనే గడిచింది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక దుకాణం వేరేవాళ్ళకు అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాను. ఈ చేపల పెంపకంలోకి దిగుతున్న పిల్లలు ఫోన్ చేసి "మేడం, సీక్రెట్ ఏంది?" అని అడుగుతున్నారు. ఫిల్టర్లు, మేత, మందుల గురించి మీ ఫోన్లలోనే కావలసినన్ని వీడియోలున్నాయి. వాటిలో లేనిదేదో రాద్దామని కూర్చున్నాను. రాస్తూ పోతే అది చేపలకంటే మనుషుల గురించే ఎక్కువైంది. ఈ వృత్తి అలాంటిదే. చేపకు జబ్బు చేస్తే మందుంది. చేపను కొన్నవాళ్ళకు చేస్తే మీరే పోయి కూర్చోవాలి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆఫ్రికాలో టాంగన్యీకా అనే చాలా లోతైన సరస్సు ఉంది. అందులో అడుగున, వెలుతురు సరిగా అందని రాళ్ళ మధ్య బతికే చేప ఫ్రంటోసా. తెల్లటి ఒంటి మీద నీలి నలుపు పట్టీలు, నుదుటి మీద బుడిపె. వయసు పెరిగేకొద్దీ బుడిపె పెరుగుతుంది, మగదానికి మరీను. ఒక మగచేప, దాని చుట్టూ కొన్ని ఆడచేపలు, గుంపుగా ఉంటాయి. దేనికీ తొందర ఉండదు. పంచాయితీకి వచ్చి ఇంకా నోరు విప్పని పెద్దమనిషిలా నీళ్ళ మధ్యలో అలా నిలబడి ఉంటుంది. ఆడచేప గుడ్లు పెట్టి వాటిని నోట్లోకే తీసుకుంటుంది. పిల్లలై ఈదేదాకా వారాల తరబడి నోట్లోనే మోస్తుంది. అన్నాళ్ళూ తిండి ముట్టదు, ముట్టినా నామమాత్రమే.

బాషా గారి దగ్గర పని నేర్చుకోవడం

నేను జువాలజీ చదివి ఎక్కడా ఉద్యోగం రాక బాషా గారి దుకాణంలో చేరాను. ఆయన మంచి మనిషి, కానీ మా నీళ్ళను తిట్టకుండా షట్టర్ ఎత్తేవాడు కాదు. పల్నాడు నేలంతా సున్నపురాయి. బోరు నీళ్ళు పట్టిన బిందెకు లోపల తెల్లటి పొర కడుతుంది, గీజరు రెండో వేసవి చూడదు. పుస్తకాల్లో దీన్ని కఠినజలం అంటారు. సున్నం లేని మెత్తని నీళ్ళలో బతకాల్సిన ఖరీదైన చేపలు మా దుకాణానికి వచ్చి, నాలుగు రోజులు మర్యాదకు ఉండి, చచ్చిపోయేవి.

ఒకసారి మద్రాసు నుంచి వేరే ఊరు పోవలసిన పెట్టె పొరపాటున మాకొచ్చింది. విప్పితే పట్టీల చేప పిల్లలు. ట్యాంకులో వదిలాం. వదిలినచోటే ఆగిపోయాయి.

"జబ్బు చేపలు సార్. అసలు కదలటంలా," అన్నాను. సీసాలోంచి మందు తీయబోయాను.

బాషా గారు ట్యాంకులో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. అది ఆయన పరీక్ష. ఇంత చదివినా దాన్ని నేను మాన్పించలేకపోయాను.

"మందెయ్యమాక బేటీ. ముందు స్టూలు తెచ్చుకో. ఇట్టా ఎదురుగా కూర్చో. ఇయ్యి ఏం చేస్తయ్యో చూసి నాకు చెప్పు."

ఆ వారమంతా నా డ్యూటీ అదే. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. అవి నన్ను చూసేవి, నేను వాటిని చూసేదాన్ని. కుంకుమ కొనడానికి పక్క దుకాణానికి వచ్చిన ఒక ముసలమ్మ కాసేపు నన్ను చూసి లోపలికొచ్చి బాషా గారిని నిలదీసింది. "ఏం తప్పు చేసిందయ్యా ఈ పిల్ల? పొద్దుట్నుంచి అట్టా కూర్చోబెట్టావు?"

నేను కనిపెట్టింది ఇది. పొద్దున షట్టర్ లోంచి ఎండ పడగానే చేపలన్నీ వెనక మూలకు పోతాయి. దుకాణం ముందు బస్సు వచ్చి ఆగితే నీడ పడుతుంది, మెల్లగా ముందుకొస్తాయి. బస్సు కదలగానే మళ్ళీ వెనక్కి. టాంగన్యీకా చేపలు నరసరావుపేట బస్సుల టైము ప్రకారం బతుకుతున్నాయి. వాటికి మా నీళ్ళు పడ్డాయి, వెలుతురే పడలేదు. షట్టర్ కు గోనెపట్టా కట్టాం. వాటితోపాటు మేమూ చీకట్లో వ్యాపారం చేశాం. ఏడాది తిరిగేసరికి ఆ సరస్సు నీళ్ళు కూడా కఠినజలమేనని, మద్రాసు వాళ్ళు మందులు కలిపి తయారుచేసుకునే నీళ్ళు మాకు బోరులోంచే వస్తున్నాయని తెలిసింది. బాషా గారు ఆ రోజు నుంచి షట్టర్ ఎత్తేముందు నీళ్ళను తిట్టడం మాని మున్సిపాలిటీని తిట్టేవాడు. ఏదో ఒకటి తిట్టనిదే ఆయనకు తెల్లారేది కాదు.

పనిచేయని చేప

క్రోసూరులో పురుగుమందుల దుకాణం ఉన్న ఒకాయన మంచి మగ ఫ్రంటోసాను తీసుకుపోయాడు. ఒక్కదాన్నే ఉంచొద్దని చెప్పాను. వినలేదు. వారం తిరక్కముందే బకెట్లో వేసుకుని బస్సులో తిరిగొచ్చాడు.

"ఇది పనిచెయ్యటంలా మేడం."

"పనిచెయ్యకపోవడం ఏందండీ?"

"ఏం చెయ్యటంలా. పొద్దున యాడుందో సాయంత్రం ఆడే ఉంటంది. మా ఇంటికొచ్చినోళ్ళు బొమ్మనుకుంటన్నారు. గ్యారంటీ ఉందిగా, మార్చియ్యండి."

"దాని పనే అదండీ. అట్టా ఉండటమే."

ఆయన బకెట్లోకి చాలాసేపు చూశాడు. మొహంలో కోపం తగ్గి మరేదో వచ్చింది. "మా బామ్మర్ది కూడా ఇట్టాగే ఉంటాడులే. వాణ్ణి పెట్టుకోలా?" అని బకెట్ ఎత్తుకున్నాడు. ఈసారి ఊరుకోకుండా తోడుగా ఆడచేపలను కూడా ఇచ్చి పంపాను. తర్వాత ఫిర్యాదు రాలేదు, బామ్మర్ది గురించి కూడా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తమాషా కావాలనుకునేవాడికి ఫ్రంటోసాను అమ్మకండి. దుకాణంలోనే ఎదురుగా కూర్చోబెట్టండి. టీ తాగినంతసేపు ఫోన్ తీయకుండా చూడగలిగితే అమ్మండి. ఫోన్ తీస్తే క్షణం నిలవకుండా తిరిగే చిన్న గప్పీ చేపలు చూపించండి.

హాల్లోంచి పోయిన గీత

ఇక అసలు కేసు. గురజాల అవతల ఒక ఊళ్ళో మిరప, పత్తి వేసే అన్నదమ్ములుండేవాళ్ళు. అన్న పుల్లారావు, తమ్ముడు శ్రీను. ఉమ్మడిగా ఉన్న రోజుల్లో ఇద్దరూ కలిసి వచ్చి నా దగ్గర ఫ్రంటోసాల గుంపును కొన్నారు. పుల్లారావు ఎవరో నాయకుడి ఇంట్లో నుదుటి మీద బుడిపె ఉన్న చేపను చూశాడట, అది ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఆయన నమ్మకం.

"మీరు చూసింది వేరే జాతి అన్నయ్యా. ఇది అది కాదు," అన్నాను.

"తలకాయ పెద్దదేగా?"

"పెద్దదే."

"చాలు చెల్లెమ్మా."

హాలు మధ్యలో ఆరడుగుల ట్యాంకు కట్టించి, అడుగున మాచర్ల నాపరాళ్ళు పేర్చి వాటికి గుహలు చేసి వచ్చాను. చేపలు బాగా పెరిగాయి. మగదాని బుడిపె చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు.

తర్వాత అన్నదమ్ములకు చెడింది. ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. బోరు మోటారు స్టార్టర్ దగ్గర మొదలైందని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. పొలం పంచుకున్నారు, కల్లం పంచుకున్నారు, ఇల్లు కొలిచారు. కొలిస్తే సగానికి వచ్చే గీత హాలు మధ్యలోంచి, సరిగ్గా ట్యాంకు నడుమ మీదుగా పోయింది.

అప్పుడు నాకు ఫోన్ వచ్చింది. చేసింది పంచాయితీ చెప్పే హనుమయ్య గారు. "అమ్మాయ్, నువ్వొకసారి రావాల. ఆస్తి సంగతి తేలటంలా."

పోయేసరికి హాల్లో ఊరి పెద్దలు మంచాల మీద కూర్చుని ట్యాంకును చూస్తున్నారు. పుల్లారావు ఒక మూల, శ్రీను ఒక మూల. ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరికీ కావలసింది మగచేపే.

"మగదాన్ని విడదీస్తే గుంపు చెదిరిపోతుంది. ఆడవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి," అన్నాను. "పైగా అదుగో, ఆ ఆడచేప నోట్లో గుడ్లున్నాయి. దాన్ని కదిలించకూడదు."

హనుమయ్య గారు కళ్ళజోడు సర్దుకుని ట్యాంకు దగ్గరికి వంగాడు. "నోట్లోనా? ఎన్నున్నయ్?"

"తెలియదండీ."

"తెరిచి చూడు."

"తెరిస్తే ఉమ్మేస్తుంది, లేకపోతే మింగేస్తుంది."

"సరే. ఏమీ తేల్చి చెప్పని ఆస్తి," అని ఆయన పెద్దల వైపు తిరిగాడు. "ఇట్టా నోట్లో పెట్టుకుని చెప్పనోళ్ళని ఈ ఊళ్ళో చానామందిని చూశా. చేపని చూట్టం మాత్రం ఇదే."

ఎవరూ నవ్వలేదు. నోట్లో ఉన్నవి అన్నవా తమ్ముడివా అన్న దాని మీద చాలాసేపు వాదన జరిగింది. గుడ్లు పెట్టిన రోజు చేప ఎటువైపు ఉందని నన్నడిగారు. గుడ్లు పెట్టిన గుహకు రెండు వైపులా దారి ఉందని చెప్పాను. అది నేనే కట్టానని కూడా చెప్పాల్సి వచ్చింది. ఇద్దరన్నదమ్ములూ నన్ను ఒకే రకంగా చూశారు. ఆ పంచాయితీ మొత్తంలో వాళ్ళు ఏకమైంది అప్పుడే.

చివరికి హనుమయ్య గారు తీర్పు చెప్పాడు. "తొట్టి ఉన్నచోటే ఉంటది. గోడ దాని చుట్టూ కట్టండి. చేప ఎటుంటే ఆ కాసేపు అటోళ్ళది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఈ వృత్తిలో ఇన్నేళ్ళలో ఒక చేపల గుంపుకు అంత మంచి తీర్పు ఎవరూ చెప్పగా వినలేదు. దాన్ని చీల్చలేదు, కదపలేదు, నోరు తెరిపించలేదు.

తాపీమేస్త్రి వచ్చాడు. గోడకు కన్నం వదిలి, ట్యాంకు చుట్టూ థర్మాకోల్ చుట్టి, పైన నాపరాయి పరిచి, దాని మీదుగా కప్పుదాకా ఇటుకలు లేపాడు. ట్యాంకు గోడలోంచి దూలంలా ఇటు సగం, అటు సగం పొడుచుకొచ్చింది. చేపలు మాత్రం ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి ఎవరినీ అడక్కుండా పోయి వచ్చేవి. మేస్త్రి సుత్తి దెబ్బలకు బెదిరి ఆడచేప నోట్లోవన్నీ మింగేసింది. ఆస్తి ఏమైందని హనుమయ్య గారు కబురు చేస్తే, తల్లే తినేసిందని చెప్పాను. "ఇదీ మామూలే," అన్నాడట.

లైట్లు

గోడ కట్టిన కొన్నాళ్ళకు పుల్లారావు ఫోన్.

"చెల్లెమ్మా, వాడు చేపలకి ఏందో పెడతన్నాడు. ఒక్కటీ ఇటు రావటంలా."

పోయి చూశాను. నిజమే, చేపలన్నీ శ్రీను వైపే ఉన్నాయి. మగచేపైతే అక్కడే కాపురం పెట్టింది. శ్రీను ఏం పెట్టడంలేదు. అసలు ఏమీ చేయడంలేదు. అతని వైపు ట్యూబ్‌లైట్ కాలిపోయింది, మార్చడానికి బద్ధకం. ఇటు పుల్లారావు హాలు టీవీతో, ట్యూబ్‌లైట్లతో పెళ్ళిలా ఉంది. చేపలు చీకటి వైపుకు పోయాయి. ఇందులో కుట్ర ఏమీ లేదని చెప్పాను.

ఆయన నా మాట సగం విన్నాడు. వెలుతురుకూ చేపలకూ సంబంధం ఉందని మాత్రం అర్థమైంది. మళ్ళీ పోయేసరికి ట్యాంకు చుట్టూ రంగుల సీరియల్ లైట్లు వెలిగి ఆరుతున్నాయి. ఆ తర్వాత తిరునాళ్ళలో ఊరేగించే ఎత్తైన ప్రభకు కట్టే ఫోకస్ లైటు తెచ్చి ట్యాంకుకు గురిపెట్టాడు. చేపలు శ్రీను వైపు చిట్టచివరి అద్దానికి ముక్కులు ఆనించి బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాయి.

"లైటు ఆపండి అన్నయ్యా, వాటంతటవే వస్తాయి."

"నేనాపితే వాడు గెలిచినట్టుగా?"

"ఇద్దరూ ఆపండి."

"ముందు వాణ్ణి ఆపమను."

"వాళ్ళ వైపు అసలు లైటే లేదన్నయ్యా. కాలిపోయింది."

పుల్లారావు గోడ వైపు తిరిగాడు. అవమానం మొహంలో తెలుస్తూనే ఉంది. "అంటే వాడు లైటు లేకుండానే గెలిచాడా?"

ఈ రాయబారాల పద్ధతి కూడా చెప్పాలి. గోడకూ ట్యాంకుకూ మధ్య సందులోంచి ఒక వైపు మాట రెండో వైపుకు శుభ్రంగా వినిపిస్తుంది. అయినా పుల్లారావు నాకు చెప్పేవాడు. నేను ఆయన గేటు దాటి, బయట వీధి సందులోంచి నడిచి, శ్రీను గేటు తీసుకుని లోపలికి పోయేదాన్ని.

"మీ అన్న ఏమంటున్నాడంటే శీనూ..."

"విన్నాలే అక్కా. అయినా చెప్పు."

చెప్పేదాన్ని. అతను జవాబిచ్చేవాడు. తిరిగి సందులోంచి వచ్చేసరికి పుల్లారావు ఆ జవాబుకు ఎర్రబడి సిద్ధంగా ఉండేవాడు. కానీ నేను నోటితో చెప్పేదాకా కోపం బయటికి తీసేవాడు కాదు. మండుటెండలో ఆ సందులో నేను తిరిగినంత ఆ ఊరి కుక్కలు కూడా తిరిగి ఉండవు.

లైట్లతో కాకపోయేసరికి పుల్లారావు తిండి మొదలుపెట్టాడు. ఎండురొయ్యలు, ఉడికిన గుడ్డుసొన, ఒకరోజు ఏకంగా నాటుకోడి కార్జం. తిండి పడేసరికి చేపలు వచ్చేవి, తినేవి, పోయేవి. మగచేపకు పొట్ట ఉబ్బింది. ఫ్రంటోసాలకు ఇది ప్రాణాంతకం. లోతు నీళ్ళలో దొరికింది దొరికినప్పుడు తిని మిగతా వేళల్లో ఊరుకునే కడుపు వాటిది. అది పక్కకు ఒరిగి శ్వాస కోసం పెనుగులాడుతుంటే పుల్లారావు నా ఎదుట కళ్ళు తుడుచుకున్నాడు. గట్టి మనిషి, పొలం పంచుకున్నప్పుడు కూడా ఏడవలేదట.

"ఇక వీటికి ఉపవాసం. నేను చెప్పేదాకా ఇటూ అటూ ఎవరూ మెతుకు వేయకూడదు. నీళ్ళు మారుద్దాం. అంతకంటే చేసేది లేదు."

ఆయన భార్య అంజమ్మ వంటగదిలోంచి అంది. "ఈయనక్కూడా రాసియ్యమ్మా ఆ ఉపవాసం."

మగచేప బతికింది. మీరు ఈ వృత్తిలో చూడబోయే చావుల్లో ఎక్కువ భాగం ప్రేమ వల్లే వస్తాయి. తిండి డబ్బా కస్టమర్ చేతికి ఇచ్చేటప్పుడు భయపడుతూ ఇవ్వండి.

సంతాపానికి వచ్చిన బంధువు

కొన్ని నెలలకు అంజమ్మే కనిపెట్టింది, ఆడచేప గవద మళ్ళీ ఉబ్బిందని. అంజమ్మ, శ్రీను భార్య రమ తోడికోడళ్ళు. వాళ్ళ మధ్య మాటలు ఎప్పుడూ ఆగలేదు. మగవాళ్ళకు తెలియకుండా ట్యాంకు సందులోంచే కూరల సంగతులు కూడా చెప్పుకునేవాళ్ళు. ఇద్దరూ కలిసి నాకు ఫోన్ చేశారు.

నోట్లో పిల్లలున్న ఆడచేపను చాలామంది వేరే ట్యాంకుకు మారుస్తారు. కొందరు నోరు తెరిపించి గుడ్లు తీసి విడిగా పొదిగిస్తారు. వ్యాపారానికి అది సులువు, నేను కూడా చేశాను. ఇక్కడ కుదరదు. చేపను ఎవరి వైపు నుంచి తీయాలి, ఎవరు చూస్తుండగా తీయాలి అన్నదానికి ఇంకో పంచాయితీ పెట్టాల్సి వచ్చేది. అందుకని ఇద్దరికీ ఒకే మాట చెప్పాను. రెండు వైపులా చీకటి, రెండు వైపులా నిశ్శబ్దం. టీవీ వద్దు, ట్యాంకు మీద వేలు పెట్టొద్దు. మొదటిసారి పోయినవాటి పాపం ఇద్దరి మీదా ఉంది, ఈసారి కూడా పోతే నేను ఈ గుమ్మం తొక్కను.

మిరప తోటలో మొక్కల మొదళ్ళకు పరిచే నల్లటి మల్చింగ్ షీటు తెచ్చి ట్యాంకును రెండు వైపులా కప్పారు. చూసుకోవడానికి చిన్న చీలిక వదిలారు. రెండిళ్ళ హాళ్ళూ చీకటైపోయాయి. జనం గుసగుసగా మాట్లాడుకుంటూ మునివేళ్ళ మీద నడిచేవాళ్ళు. వెల్దుర్తి నుంచి వచ్చిన దూరపు బంధువు ఒకాయన లోపలికి అడుగుపెట్టి, ఆ చీకటి, ఆ నిశ్శబ్దం, గోడలో నల్లగా కప్పిన పొడుగాటి పెట్టె చూసి గుమ్మంలోనే చెప్పులు విడిచి తల దించుకున్నాడు.

"ఎప్పుడు జరిగిందమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంకా జరగలా అన్నయ్యా," అంది అంజమ్మ కూడా గొంతు తగ్గించి. "నోట్లోనే ఉన్నయ్."

ఆయన ఏమర్థం చేసుకున్నాడో, మంచినీళ్ళు కూడా తాగకుండా పోయాడు.

టీవీ లేక పుల్లారావు ఆ చీలిక దగ్గరే కూర్చునేవాడు. అటు శ్రీను కూడా అంతే. ఆరడుగుల నీళ్ళలోంచి ఒకరి కన్ను ఒకరికి ఇంత పెద్దదిగా కనిపించేది. ఎవరూ ముందు తీసేవారు కాదు. మధ్యలోంచి ఆడచేప నోరు బిగించుకుని మెల్లగా పోయేది. అప్పుడు రెండు కళ్ళూ దానితోపాటు తిరిగేవి.

నేను ఆ రోజు శ్రీను వైపున్నాను. పొద్దెక్కింది, బయట ఎండ కాస్తోంది. ఆడచేప నాపరాళ్ళ మొదట్లో ఆగి నోరు తెరిచింది. ఒక పిల్ల బయటికొచ్చింది. గోరంత లేదు, అప్పటికే పట్టీలన్నీ ఉన్నాయి. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. రాళ్ళ సందుల్లోకి జారుకుంటున్నాయి. ఇన్నేళ్ళ పనిలో చాలాసార్లు చూశాను, ప్రతిసారీ ఊపిరి బిగబట్టే చూశాను. రమ నా భుజం పట్టుకుంది. శ్రీను వీడియో తీద్దామని ఫోన్ పైకెత్తి వేలితో లైటు వెతుక్కుంటున్నాడు. నేను అతని చెయ్యి పట్టుకునేలోపే గోడ అవతల నుంచి అరుపు.

"ఒరేయ్ శీనూ! లైటెయ్యమాకరా! మళ్ళా లోపలికి బోతయ్!"

రమ చెయ్యి నా భుజం మీదే బిగుసుకుపోయింది. గోడ లేచిన తర్వాత ఆ ఇద్దరి మధ్య నడిచిన మొదటి మాట అది.

శ్రీను ఫోన్ మెల్లగా దించాడు.

"ఎయ్యలేదులే అన్నా."

చీలిక అవతల ఉన్న కన్ను ఒకసారి రెప్ప వేసింది. కాసేపటికి మళ్ళీ గొంతు. "అటు ఎన్నొచ్చినయ్?"

"నీవైపు ఎన్నున్నయ్యో ముందు చెప్పు."

"నేను పెద్దోణ్ణి. నువ్వు చెప్పు ముందు."

"పెద్దోడివైతే స్టార్టర్ ఎందుకు పీకావు?"

"నేను పీకానా? కాలితే రిపేరుకి తీశా!"

అంతే. ఇన్నాళ్ళు సందులో తిరిగి నేను మోసిన తగాదా అంతా నా ప్రమేయం లేకుండా నేరుగా మొదలైంది. స్టార్టర్ కాలిందా, పీకారా అన్నది మొదటిసారి ఆ ఇద్దరి నోటా విన్నాను. ఇద్దరి మాటా కలిపి చూస్తే అసలు తగాదాకు కారణం కనిపించలేదు. అయినా అరుచుకుంటూనే ఉన్నారు. ఆడచేప బెదిరి, మిగిలిన పిల్లలను నోట్లోనే ఉంచుకుని గుహలోకి దూరింది.

రమ ఇటు, అంజమ్మ అటు ఒక్కసారే లేచారు. "అరుచుకునేదుంటే బయటికిబోయి అరుచుకోండి. ఇంట్లో పసిపిల్లలున్నయ్," అని అంజమ్మ అటు తలుపు తీసింది, రమ ఇటు తీసింది. పుల్లారావు ఆ గేటులోంచి, శ్రీను ఈ గేటులోంచి సందులోకి పోయారు. కేకలు గోడ బయట నుంచి సన్నగా వినిపించాయి. కాసేపటికి ఆడచేప బయటికొచ్చి మిగతావాటిని వదిలింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇంతకంటే ఎక్కువ లేదు. నీళ్ళు సరిగా ఉండి, వెలుతురు తగ్గి, ఎవరూ వేలు పెట్టకపోతే చేప తన పని తానే చేస్తుంది. మీ జీతం వేలు పెట్టకుండా మనుషుల్ని ఆపినందుకు. పిల్లల్లో బతికినవాటిని అన్నదమ్ములు పంచుకోలేదు. అదే ట్యాంకులో పెంచి, పెద్దవయ్యాక ఊళ్ళో అడిగినవాళ్ళకు ఇచ్చారు. ఒక జత హనుమయ్య గారింటికి పోయింది. గోడ అలాగే ఉంది. తీసేయమని ఎవరూ అనలేదు, చేపలకు దాని నీడ అలవాటైపోయింది.

ఈమధ్య ఒక పెళ్ళికి పోతూ దారిలో ఆ ఊళ్ళో ఆగాను. సందులో రెండు గేట్లకూ మధ్య రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో పుల్లారావు, ఒకదాంట్లో శ్రీను. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా, మిరపకాయ బస్తాలతో పోతున్న ట్రాక్టరును చూస్తున్నారు. ఎదురుగా ఒక స్టూలు మీద టీ గ్లాసులు ఖాళీగా ఉన్నాయి.

"ఏంది అన్నయ్యా, తగాదా అయిపోయిందా?" అన్నాను.

"ఎప్పుడో అయింది చెల్లెమ్మా," అన్నాడు పుల్లారావు.

"మరి ఇంకా బయటే కూర్చున్నారేంది?"

పుల్లారావు తమ్ముడి వైపు చూశాడు. శ్రీను కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చున్నాడు.

"ఇంకోటి గుర్తొచ్చేదాకా ఉందామని అక్కా."